కాలి గాయం తర్వాత రోయింగ్ మెషిన్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నల్లకుంటలోని మా ఫిజియోథెరపీ గదిలో ఒక మూల రోయింగ్ మెషిన్ ఉంది, అంటే జారే సీటు మీద కూర్చుని, పడవ తెడ్డు వేసినట్టు పిడిని లాగే వ్యాయామ యంత్రం. దాని సీటు జారే కడ్డీ పక్కన ఆకుపచ్చ టేపు ముక్కలు ఐదారు అంటించి ఉంటాయి, ఒక్కో ముక్క మీద బాల్‌పెన్నుతో ఒక పేరు, ఒక తేదీ. వర్షంలో బైకు జారి కాలు విరిగినవారు, షటిల్ ఆడుతూ మోకాలి లిగమెంటు తెంచుకున్నవారు, మెట్రో మెట్ల మీద చీలమండ మడతపడినవారు ఆ యంత్రం దగ్గరకు రాగానే దాదాపు అవే సందేహాలు అడుగుతారు. ఆ సందేహాలకు మేము చెప్పే జవాబులను దశలవారీగా ఇక్కడ రాసి పెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న వారు చదువుకోవచ్చు. ఇక్కడి మాటకూ మీ కాలిని స్వయంగా చూసిన డాక్టరు మాటకూ తేడా వస్తే డాక్టరు మాటే వినాలి.

## మొదలుపెట్టే ముందు

డాక్టరు గారు నడవమన్నారు. అంటే రోయింగ్ కూడా చేయవచ్చన్నట్టేనా?

కాదు. చదునైన నేల మీద నడిచేటప్పుడు మోకాలు సుమారు 60 డిగ్రీలు వంగితే సరిపోతుంది, మెట్లు ఎక్కడానికి 90 డిగ్రీల దాకా కావాలి. రోయింగ్ మెషిన్ మీద పూర్తిగా ముందుకు జరిగినప్పుడు మాత్రం మోకాలు 110 డిగ్రీలు దాటి వంగుతుంది, తుంటి ముడుచుకుంటుంది, పాదం ముందుభాగం పైకి లేచి పిక్క సాగుతుంది. సూటిగా చెప్పాలంటే అది గొంతుకు కూర్చోవడమే, కాకపోతే ఒంటి బరువును సీటు మోస్తుంది. అందుచేత డాక్టరును “వ్యాయామం చేయవచ్చా?” అని అడిగితే ఉపయోగం లేదు. మోకాలిని ఎన్ని డిగ్రీల వరకు వంచవచ్చు, ఆ కాలి మీద ఎంత బరువు మోపవచ్చు, వంచి ఉన్న కాలితో గట్టిగా నెట్టవచ్చా అని మూడు విషయాలు విడివిడిగా అడిగి, జవాబులను చీటీ మీద రాయించుకోవాలి.

లాగేది చేతులతో కదా, కాలికి భారం ఎందుకు పడుతుంది?

చూసేవారికి చేతులే కనిపిస్తాయి గాని, ఒక్కో లాగుడులో సగానికి పైగా శక్తి కాళ్లదే. పాదాల పలకను కాళ్లతో నెట్టి సీటును వెనక్కి జరపాలి, తర్వాత నడుము వెనక్కి వాలాలి, చివరగా చేతులు పిడిని పక్కటెముకల కిందికి తెచ్చుకోవాలి. తిరిగి ముందుకు వచ్చేటప్పుడు ఇదే క్రమం తలకిందులవుతుంది. చేతులు చాచి, నడుము వంచి, ఆ తర్వాతే మోకాళ్లు మడవాలి.

ఏ గాయానికి ఎన్ని వారాల తర్వాత మొదలుపెట్టవచ్చు?

అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. వారాలను మాత్రమే లెక్కపెట్టడం వల్ల దారి తప్పేది కూడా ఇక్కడే. ఈ కింది లెక్కలు సాధారణంగా పాటించేవి, మీ ఆపరేషన్ కాగితాల్లో వేరుగా ఉంటే అవే మీకు వర్తిస్తాయి.

చీలమండ కొద్దిగా బెణికి ఉంటే, వాపు తగ్గి కుంటకుండా నడవగలిగిన రోజు నుంచి నెమ్మదిగా ప్రయత్నించవచ్చు. చీలమండ ఎముక విరిగితే కట్టు లేదా బూటు సుమారు 6 వారాలు ఉంటుంది, అది తీసి ఎక్స్‌రేలో ఎముక అతుకుతోందని డాక్టరు చెప్పిన తర్వాతే యంత్రం సంగతి. మోకాలి కీలులోకి పాకిన విరుగుళ్లకు 6 నుంచి 12 వారాల దాకా కాలు నేల మీద మోపవద్దంటారు, వారికి ఇంకా ఆలస్యమవుతుంది. మోకాటి చిప్ప విరిగినవారిలో తొడ కండరం లాగినప్పుడల్లా ఆ అతుకు మీదే ఒత్తిడి పడుతుంది గనుక తొందర అసలే పనికిరాదు.

ఏసీఎల్ (మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంటు) కొత్తగా వేయించుకున్నవారికి చాలామంది సర్జన్లు 8 నుంచి 12 వారాల మధ్య తేలికపాటి రోయింగ్‌కు అనుమతిస్తారు. తొడ వెనుక నుంచి స్నాయువు తీసి వేసి ఉంటే, ఆ తీసిన చోటు కూడా మానాలి. మెనిస్కస్‌ను (మోకాలి కీలు మధ్య మెత్తలా ఉండే మృదులాస్థిని) కత్తిరించి తీసేయడం వేరు, కుట్టడం వేరు. కుట్టినవారు తొలి వారాల్లో బరువుతో 90 డిగ్రీలు దాటి వంచకూడదు, లోతుగా వంచడానికి నాలుగు నెలల దాకా ఆగమంటారు. పైకి రెండింటికీ అవే చిన్న గాట్లు కనిపిస్తాయి కాబట్టి డిశ్చార్జి కాగితంలో ఏది రాశారో చూసుకోవాలి.

మడమ వెనుక స్నాయువు తెగినవారి విషయంలో నేను ఎక్కువ జాగ్రత్త పడతాను. యంత్రం మీద ముందుకు వచ్చిన ప్రతిసారీ ఆ స్నాయువే సాగుతుంది, అతికే దశలో సాగితే మళ్లీ తెగవచ్చు, లేదా వదులై ఎప్పటికీ బలహీనంగా మిగలవచ్చు. మూడు నెలలు దాటి, సర్జన్ ఒప్పుకున్న తర్వాత కూడా సీటును సగం దూరమే జరపనిస్తాను.

మా నాన్నకు పుత్తూరు కట్టు కట్టించాం. కట్టు విప్పేశారు. ఇక యంత్రం వాడవచ్చా?

కట్టు ఎవరు కట్టారన్నది కాదు, ఎముక అతికిందా, నిటారుగా అతికిందా అన్నదే ఇక్కడ ప్రశ్న, దానికి జవాబు ఎక్స్‌రేలోనే దొరుకుతుంది. నొప్పి లేదు కాబట్టి అతికిందనుకోవడం పొరపాటు. రెండు వైపుల నుంచి తీసిన ఎక్స్‌రేను ఎముకల డాక్టరుకు చూపించి, ఆయన సరేనన్న తర్వాత రండి. సిగ్గుపడి ఆ సంగతి దాచేవారు ఉన్నారు. దాచితే నష్టపోయేది కాలే.

షుగర్ ఉంది, పాదాలు తిమ్మిరిగా ఉంటాయి. ఇబ్బందా?

వాడవచ్చు గాని పాదాల పట్టీ విషయంలో జాగ్రత్త అవసరం. స్పర్శ తగ్గిన పాదానికి పట్టీ ఒరుసుకుంటున్న సంగతి తెలియదు. మందపాటి కాటన్ సాక్సు, మెత్తటి బూటు వేసుకోవాలి, పట్టీ కింద వేలు దూరేంత సందు ఉంచాలి. దిగిన వెంటనే సాక్సు విప్పి, పాదం పైభాగం, మడమ, వేళ్ల సందులు చూసుకోవాలి, వంగలేకపోతే ఇంట్లో వారిచేత చూపించుకోవాలి. పుండు ఉంటే అది మానేదాకా యంత్రం వద్దు.

## మొదటి వారాల్లో

సీటు చాలా కిందికి ఉంది. ఎక్కడం, దిగడం ఎలా?

మామూలు కుర్చీ నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, చాలా రోయింగ్ మెషిన్ల సీటు 36 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది, పైగా అది జారుతుంది. మొదటి వారాల్లో మేము చూసిన పడిపోవడాలన్నీ ఎక్కేటప్పుడో దిగేటప్పుడో జరిగినవే. యంత్రాన్ని గోడ పక్కన పెట్టి, రెండో వైపు బరువైన కుర్చీ ఒకటి ఉంచండి. కడ్డీకి ఇటొక కాలు అటొక కాలు వేసి నిలబడి, ఒక చేత్తో సీటును కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో కుర్చీని ఊతం చేసుకుని మెల్లగా కూర్చోవాలి. పట్టీలో మొదట గాయపడిన కాలు పెట్టాలి, విప్పేటప్పుడు బాగున్న కాలిని ముందు విప్పాలి, లేచేటప్పుడు దాని మీదే బరువు వేసి లేవాలి. చంకకర్రలు చేతికందే దూరంలో ఉండాలి గాని కడ్డీకి ఆనించి పెట్టకూడదు, సీటు తగిలి జారిపోతాయి.

మోకాలు పూర్తిగా వంగడం లేదు. అయినా చేయవచ్చా?

చేయవచ్చు. ఈ యంత్రంలో నాకు నచ్చేదీ అదే. సీటు ఎంత ముందుకు రావాలో నిర్ణయించేది మీరే కాబట్టి, మోకాలు ఎంత వంగితే అంతవరకే జరిగి వెనక్కి నెట్టవచ్చు. సైకిల్ మీద ఆ వీలు లేదు. పెడల్ పూర్తి చుట్టు తిరగాలంటే మోకాలు సుమారు 110 డిగ్రీలు వంగి తీరాలి.

మేము చేసేది ఇది. మనిషిని కూర్చోబెట్టి, పాదాలు పట్టీల్లో పెట్టించి, చేతులు ఖాళీగా ఉంచి మెల్లగా ముందుకు జరగమంటాము. మోకాలు బిగుసుకుందని, ఇంకొంచెం జరిగితే నొప్పి వస్తుందని అనిపించే చోట ఆపి, అక్కడి నుంచి నాలుగు వేళ్ల వెడల్పు వెనక్కి జరిపి, సీటు ముందు అంచుకు ఎదురుగా కడ్డీ పక్కన ఆకుపచ్చ టేపు అంటిస్తాము. ఆ రోజు హద్దు అదే. రెండు మూడు సార్లు చేసిన తర్వాత, మరుసటి ఉదయం వాపు లేకపోతే, టేపు రెండు సెంటీమీటర్లు ముందుకు వెళుతుంది. వాపు ఉంటే అక్కడే ఉంటుంది, కొన్నిసార్లు వెనక్కి వస్తుంది.

ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. కొన్నేళ్ల కిందట ఒక బ్యాంకు ఉద్యోగి హుషారు చూసి, ఒకే వారంలో టేపును అరచేయి వెడల్పున ముందుకు జరిపాను. సోమవారం నాటికి ఆయన మోకాటి చిప్ప వాపులో కనిపించకుండా పోయింది. మూడు వారాలు వెనకబడ్డాము. టేపు మీద తేదీ రాయడం అప్పటి నుంచే మొదలుపెట్టాను.

డ్యాంపర్ ఎంతలో పెట్టాలి? పదిలో పెడితే బలం త్వరగా వస్తుందా?

రాదు. గాలి చక్రం ఉన్న యంత్రాల్లో 1 నుంచి 10 వరకు ఉండే ఆ మీట సైకిల్ గేరు లాంటిది, చక్రంలోకి ఎంత గాలి వెళ్లాలో నిర్ణయిస్తుంది. పైకి పెట్టిన కొద్దీ ప్రతి లాగుడూ బరువుగా, నెమ్మదిగా మారి, కాలు వంగి ఉన్న క్షణంలోనే ఎక్కువ భారం పడుతుంది. గాయపడిన కాలికి 2, 3 అంకెలు చాలు. శ్రమ పెరగాలంటే పాదాలతో ఇంకొంచెం గట్టిగా నెడితే అదే పెరుగుతుంది. దుమ్ము పట్టిన యంత్రం, కొత్త యంత్రం ఒకే అంకె దగ్గర ఒకేలా ఉండవు కాబట్టి పక్కవారి అంకెను చూసి పెట్టుకోవద్దు.

మొదటి రోజు ఎంతసేపు చేయాలి?

రెండు నిమిషాలు చేసి, ఒక నిమిషం ఆగి, అలా మూడుసార్లు. చాలామందికి ఇది హాస్యాస్పదంగా తోస్తుంది. నిమిషానికి 18 నుంచి 22 లాగుడులు దాటకూడదు, వెనక్కి నెట్టడానికి పట్టే సమయానికి రెట్టింపు సమయం తీసుకుని ముందుకు రావాలి. పక్కన ఉన్నవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగేంత శ్రమ ఉంటే చాలు. రోజు విడిచి రోజు చేస్తూ, సమయం, బలం, ముందుకు జరిగే దూరం, ఈ మూడింటిలో ఒక్కోసారి ఒక్కదాన్నే పెంచాలి. రెండు పెంచిన తర్వాత వాపు వస్తే దేనివల్ల వచ్చిందో తెలియదు.

నొప్పి వస్తే ఆపేయాలా, ఓర్చుకోవాలా?

అసలు లేని నొప్పికి సున్నా, భరించలేని నొప్పికి పది అనుకుంటే, మూడు వరకు ఉండి, దిగిన తర్వాత తగ్గిపోయి, మరుసటి ఉదయానికి మామూలు స్థితికి వచ్చేదాన్ని ఓర్చుకోవచ్చు. నాలుగు దాటినా, రాత్రి నిద్ర చెడగొట్టినా, మరుసటి రోజు కుంటేలా చేసినా మోతాదు ఎక్కువైనట్టే. కండరం లాగినట్టు, అలసినట్టు ఉండే నొప్పి వేరు, కీలు లోపల పొడిచినట్టు, ఏదో అడ్డుపడి పట్టేసినట్టు ఉండే నొప్పి వేరు. రెండోది వస్తే అంకె ఎంతైనా ఆపాలి.

నొప్పి మాత్ర వేసుకుని చేస్తే తేలికగా ఉంటుంది. తప్పా?

తప్పే. ఎక్కడ ఆపాలో కాలు చెప్పే మాట మీకు వినిపించకుండా పోతుంది. డాక్టరు రాసిన మాత్రలను వేళకు వేసుకోండి, వ్యాయామం కోసం అదనంగా వేసుకోవద్దు.

పిక్క నొప్పిగా, గట్టిగా ఉంది. వ్యాయామం వల్లనేనా?

కావచ్చు, కానీ అలా అనుకుని ఊరుకోకూడదు. కాలి గాయం, ఆపరేషన్, కట్టు, ఎక్కువ రోజులు మంచం మీద ఉండడం, ఇవన్నీ కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశాన్ని పెంచుతాయి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, ఎర్రగా లేదా నల్లబడి, నొక్కితే నొప్పిగా ఉంటే యంత్రం ఎక్కకుండా, ఆ కాలికి మర్దన చేయకుండా అదే రోజు డాక్టరుకు చూపించి స్కానింగ్ చేయించుకోవాలి. దానికి తోడు ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో నూనె రాసి రుద్దడం పెద్దలకు అలవాటు. ఈ ఒక్క సందర్భంలో వారిని గట్టిగా వారించండి.

## బలం పెరుగుతున్నప్పుడు

బాగున్న కాలే పనంతా చేస్తోందేమో, ఎలా తెలుస్తుంది?

చేస్తూనే ఉంటుంది. రెండు పాదాలూ ఒకే పలక మీద ఉన్నాయి గనుక, యంత్రానికి ఏ కాలు నెట్టిందో తెలియదు, తెర మీద అంకెలు బాగానే కనిపిస్తాయి. వెనుక నుంచి ఫోనులో ఒక నిమిషం వీడియో తీయించుకోండి. నడుము ఒక పక్కకు ఒరుగుతున్నా, ఒక మోకాలు లోపలికి వాలుతున్నా, ఒక పిరుదు మీదే కూర్చున్నా సంగతి తెలిసిపోతుంది. దర్జీ టేపుతో కూడా చూసుకోవచ్చు. మోకాటి చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి గుర్తు పెట్టి, రెండు తొడల చుట్టుకొలత పదిహేను రోజులకొకసారి రాసుకోవాలి. గాయం తర్వాత తొడ కండరం చాలా వేగంగా కరుగుతుంది, తిరిగి రావడానికి నెలలు పడుతుంది. తేడా తగ్గకపోతే రోయింగ్ ఒక్కటే చాలదు, ఆ కాలికి మాత్రమే చేయించే వ్యాయామాలు జోడించాలి.

కట్టులో ఉన్న కాలిని పక్కన పెట్టి ఒంటికాలితో చేయవచ్చా?

డాక్టరు అనుమతి, పక్కన ఒక మనిషి తోడు ఉంటే చేయవచ్చు. కట్టు ఉన్న కాలిని కడ్డీకి పక్కగా, చక్రాలున్న చిన్న పలక మీద పెడితే, సీటుతో పాటు అది కూడా ముందుకూ వెనక్కూ కదులుతుంది. పిల్లల స్కేట్‌బోర్డు సరిపోతుంది. ఒక కాలికి చేసిన వ్యాయామం వల్ల కదలని రెండో కాలిలో కూడా కొంత బలం నిలుస్తుందన్నది బాగా పరిశీలించిన విషయమే, కాబట్టి ఇది వృథా శ్రమ కాదు. అయితే ఒక వైపే నెట్టడం వల్ల నడుము మెలితిరుగుతుంది గనుక, రెండు మూడు నిమిషాలకొకసారి ఆగాలి. తుంటి లేదా తొడ ఎముక విరిగినవారికి ఈ పద్ధతి వద్దు.

కృత్రిమ కాలు ఉన్నవారు రోయింగ్ చేస్తారా?

పోటీల్లో కూడా చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సైనికుడు కొంగనపల్లె నారాయణ మందుపాతర పేలుడులో కాలు కోల్పోయిన తర్వాత పారా రోయింగ్‌లోకి వచ్చి, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో అనితతో కలిసి రజత పతకం గెలిచారు. యంత్రం మీద కృత్రిమ పాదాన్ని పట్టీలో గట్టిగా బిగించి, మొదటి వారాల్లో సాకెట్ (మిగిలిన కాలు దూరే గిన్నె లాంటి భాగం) అంచు మోకాలి వెనుక ఒరుసుకుంటుందేమో చూసుకోవాలి.

కాలు బాగానే ఉంది గాని నడుము నొప్పి మొదలైంది. ఎందుకు?

మోకాలు వంగని లోటును నడుము పూడ్చడానికి ప్రయత్నిస్తోంది. ముందుకు రాలేని దూరాన్ని వీపు గూనిగా వంచి అందుకుంటున్నారన్నమాట. పిడి ఎంతవరకు అందితే అంతవరకే పట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, తుంటి దగ్గర మాత్రమే వంగాలి. కాలికి నొప్పి పాకితే, తిమ్మిరెక్కితే ఆపి చూపించుకోవాలి.

రోజూ రోయింగ్ చేస్తున్నాను కదా, ఫిజియో చెప్పిన మిగతావి మానేయవచ్చా?

మానకూడదు. రోయింగ్ గుండెకు, తొడలకు, వీపుకు మంచి పని పెడుతుంది గాని కూర్చుని చేసేది కావడం వల్ల ఒంటి బరువు కాలి మీద పడదు, ఒంటికాలి మీద నిలబడే నిలకడ రాదు, మెట్లు దిగే ఒడుపు అలవడదు. మన ఇళ్లలో గడపలు, బాత్‌రూమ్ మెట్లు, బయట ఎగుడుదిగుడు ఫుట్‌పాత్‌లు ఉన్నాయి. వాటికి కావలసిన నైపుణ్యం వేరు.

## జిమ్‌లో, ఇంట్లో

మా అపార్ట్‌మెంటు జిమ్‌లో ట్రైనర్ “ఇంకా ముందుకు రండి, గట్టిగా లాగండి” అంటున్నాడు. ఏం చెప్పాలి?

ఆయన నేర్చుకున్నది గాయం లేని మనిషికి సరైన పద్ధతే. “బాబూ, నా మోకాలు 90 డిగ్రీల వరకే వంచమన్నారు” అని అంకెతో చెప్పండి, డాక్టరు చీటీ చూపించండి, టేపు ముక్క ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లి కడ్డీ పక్కన మీరే అంటించుకోండి. “నొప్పి ఉంది” అంటే ఓర్చుకోమంటారు. అంకె చెబితే సాధారణంగా వాదించరు.

ఇంటికి ఒకటి కొందామనుకుంటున్నాం. ఏది తీసుకోవాలి?

ఆరు నెలల అవసరానికైతే కొనకండి, అద్దెకో, వాడినదో వెతకండి. కొనక తప్పదంటే మొదట చూడవలసింది సీటు ఎత్తు. కాన్సెప్ట్2 కంపెనీ యంత్రాల్లో మామూలు రకం సీటు 14 అంగుళాల ఎత్తులో, పొడవు కాళ్లున్న రకం 20 అంగుళాల ఎత్తులో ఉంటుంది, మోకాలి గాయానికి రెండోది ఎంతో సుఖం. గాలి చక్రం యంత్రాలు హోరుమంటాయి, కింది అంతస్తువారు తెల్లవారుజామున ఊరుకోరు. అయస్కాంతంతో పనిచేసేవి నిశ్శబ్దంగా ఉంటాయి. రెండు పిస్టన్ గొట్టాలతో వచ్చే చౌక రకాల్లో కదలిక సహజంగా ఉండదు, సీటు దారి పొట్టిగా ఉంటుంది, గాయం తర్వాత వాడడానికి నేను సిఫారసు చేయను. పొడవు సుమారు ఎనిమిది అడుగులు ఉంటుంది కాబట్టి హాలు కొలిచిన తర్వాతే డబ్బు కట్టండి.

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండకు చేయవచ్చా?

ఉదయం ఏడు లోపు చేయండి. 40 డిగ్రీలు దాటే రోజుల్లో రేకుల షెడ్డు జిమ్‌లలో మధ్యాహ్నం తర్వాత వద్దు. కుట్లు ఇంకా పూర్తిగా మానని చోట, మోకాలి పట్టీ కింద చెమట నిలిస్తే చర్మం నానిపోతుంది, దిగగానే తుడిచి ఆరబెట్టాలి. నీళ్లు, పలచటి మజ్జిగ పక్కన ఉంచుకోండి. బీపీ లేదా గుండె మాత్రలు వాడేవారు ఎంత శ్రమ చేయవచ్చో ముందే అడిగి తెలుసుకోవాలి.

యంత్రం మీద పూర్తిగా ముందుకు రాగలుగుతున్నాను. ఇక పూజలో కింద కూర్చోవచ్చా, పరుగెత్తవచ్చా?

పూర్తిగా ముందుకు రాగలగడం మంచి గుర్తే, కానీ కింద బాసింపట్టు వేయడానికి మోకాలు వంగడంతో పాటు తుంటి బయటికి తిరగాలి, కింది నుంచి లేవడానికి ఒంటి బరువంతా ఎత్తే బలం కావాలి. ముందుగా మంచం మీద బాసింపట్టు వేసి చూడండి, తర్వాత ఎత్తు పీట మీద, ఆ తర్వాత నేల మీద, ప్రతిసారీ పట్టుకోవడానికి గోడో కుర్చీయో దగ్గర పెట్టుకుని. మోకాలి కీలు మార్పిడి జరిగినవారు నేల మీద కూర్చునే ముందు సర్జన్‌ను అడగాలి.

పరుగుకు ఇంకో పరీక్ష ఉంది. రోయింగ్‌లో పాదానికి దెబ్బ తగలదు, పరుగులో అడుగడుగునా తగులుతుంది. అరగంట వేగంగా నడిచినా వాపు రాకూడదు, గాయపడిన కాలి మీద ఒక్కదాని మీదే నిలబడి మడమను ఇరవై సార్లు పైకెత్తగలగాలి, ఒంటికాలితో చిన్నగా గెంతినా నొప్పి, భయం ఉండకూడదు. ఈ మూడూ కుదిరిన తర్వాత పార్కులో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున మొదలుపెట్టవచ్చు. ఏసీఎల్ వేయించుకున్నవారు మలుపులు, గెంతులు ఉండే ఆటలకు కనీసం తొమ్మిది నెలలు ఆగాలి, షటిల్ కూడా ఆ ఆటల్లోకే వస్తుంది.